బీపీకి ముందే తెలుసు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బ్రిటన్ చమురు సంస్థ బీపీ అమెరికాలో చేసిన ప్రమాదాల గురించి పోయిన సంచికలో రెండు పేరాలు రాస్తే ఈసారి ఉత్తరాలన్నీ దాని మీదే వచ్చాయి. రిఫైనరీల్లో ప్రాసెస్ ఇంజినీరుగా పనిచేసిన కాలమంతా నేను ఆ సంస్థ మీద వచ్చిన దర్యాప్తు నివేదికలు చదువుతూనే ఉన్నాను. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: టెక్సస్ సిటీ పేలుడు ఆపరేటర్ తప్పిదం వల్ల జరిగిందని మా కెమికల్ ఇంజినీరింగ్ తరగతిలో చెప్పారు. టవర్‌లో ద్రవం ఎక్కువగా నింపేశారట. అంతేనా, సార్? – ఒక విద్యార్థి

అంతే కాదు బాబూ. ఆ మాట దగ్గర ఆగిపోతే 15 మంది ఎందుకు చనిపోయారో నీకు ఎప్పటికీ అర్థం కాదు.

2005 మార్చి 23న హ్యూస్టన్‌కు దగ్గర్లో, టెక్సస్ సిటీలోని బీపీ రిఫైనరీలో, మరమ్మతుల కోసం ఆపిన ఐసోమరైజేషన్ యూనిట్‌ను (పెట్రోలు నాణ్యత పెంచే విభాగం) తిరిగి నడపడం మొదలుపెట్టారు. అందులో 170 అడుగుల టవర్ ఒకటుంది. దాని అడుగున ఆరున్నర అడుగుల మేర ద్రవం ఉంటే చాలు. ఆ ఉదయం లోపలికి ద్రవం వస్తూనే ఉంది, బయటికి పోవలసిన వాల్వు మాత్రం మూసి ఉంది. అలా మూడు గంటలకు పైగా గడిచింది.

మరి కంట్రోల్ రూములో తెర మీద కనిపించలేదా అంటావు. ఇక్కడే నీ పుస్తకం పక్కన పెట్టి ఆలోచించాలి. మట్టం కొలిచే పరికరం టవర్ అడుగున కొన్ని అడుగుల ఎత్తు వరకే చూడగలదు. ద్రవం దాన్ని పూర్తిగా ముంచేశాక ఎంత పెరిగిందో దానికి తెలియదు. పైగా అది కొలిచేది ద్రవం తేల్చే బలాన్ని. ద్రవం వేడెక్కే కొద్దీ తేలికవుతుంది, తేల్చే బలం తగ్గుతుంది, పరికరం దాన్ని మట్టం తగ్గినట్టుగా చూపిస్తుంది. అంటే టవర్ పైదాకా నిండుతున్న సమయంలో తెర మీద మట్టం నెమ్మదిగా దిగుతూ కనిపించింది. ఎక్కువైతే మోగవలసిన రెండో అలారం మోగలేదు. కంటితో చూసుకోవడానికి టవర్‌కు బిగించిన గాజు గొట్టం మురికి పట్టి పనికిరాకుండా ఉంది.

ఆ తెర ముందు కూర్చున్న మనిషి రోజుకు 12 గంటల చొప్పున వరసగా 29 రోజులుగా డ్యూటీ చేస్తున్నాడు. ఒక్కడే మూడు యూనిట్లు చూసుకోవాలి. ఒకప్పుడు అక్కడ ఇద్దరుండేవారు, ఒకరిని తగ్గించారు. రాత్రి షిఫ్టు వాళ్లు రాసి వెళ్లిన పుస్తకంలో ఏం చేశారో, ఎంతవరకు నింపారో తేటగా లేదు. సూపర్‌వైజర్ ఇంట్లో అత్యవసరమై మధ్యలో వెళ్లిపోయాడు, అతని బదులు ఎవరినీ పెట్టలేదు.

టవర్ పొంగింది. ద్రవం రిలీఫ్ వాల్వుల (ఒత్తిడి ఎక్కువైతే వాటంతట అవే తెరుచుకునేవి) గుండా బ్లోడౌన్ డ్రమ్ములోకి, అంటే అలా బయటపడినదాన్ని పట్టే తొట్టిలోకి పోయింది. దాని మీద ఉన్నది 1950ల నాటి గొట్టం, పైన తెరిచి ఉంటుంది. ఫ్లేర్‌కు, అంటే ఇలా బయటపడిన ఇంధనాన్ని కాల్చేసే ఎత్తైన గొట్టానికి కలిపి ఉంటే వచ్చినదంతా అక్కడ కాలిపోయేది. అలా లేదు కాబట్టి పెట్రోలు లాంటి ద్రవం ఫౌంటెన్‌లా పైకి చిమ్మి, నేల మీద ఆవిరి మేఘమై పరుచుకుంది. దగ్గర్లో ఇంజను ఆపకుండా నిలిపి ఉంచిన డీజిల్ పికప్ ట్రక్కు దాన్ని అంటించి ఉంటుందని దర్యాప్తులో తేలింది.

చనిపోయిన 15 మందీ ఆ యూనిట్ సిబ్బంది కాదు. పక్కనే వేరే యూనిట్ మరమ్మతుల కోసం వచ్చిన కాంట్రాక్టు మనుషులు. వాళ్ల ఆఫీసు ట్రెయిలర్లలో ఒకటి ఆ డ్రమ్ముకు 121 అడుగుల దూరంలోనే ఉంది. యూనిట్ మొదలవుతోందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మరో 180 మంది గాయపడ్డారు.

ట్రెయిలర్‌ను అక్కడ పెట్టించింది ఆ ఆపరేటరా? ఫ్లేర్‌కు కలపకుండా పాత గొట్టాన్ని అలాగే ఉంచింది అతనా? 1999లో రిఫైనరీల స్థిర ఖర్చులు 25 శాతం తగ్గించమని, 2005కు మళ్లీ 25 శాతం తగ్గించమని పైనుంచి వచ్చిన ఆదేశాలు అతనివా? అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు 2007 నివేదికలో ఇవన్నీ వరసగా రాసింది. అంతకుముందు ఒక్క 2004లోనే ఆ రిఫైనరీలో ముగ్గురు చనిపోయారు. 2005 జనవరిలో బయటి సలహాదారులు కార్మికులతో మాట్లాడి, ఇక్కడ పెద్ద ప్రమాదం జరుగుతుందన్న భయం అసాధారణంగా ఉందని యాజమాన్యానికి రాసిచ్చారు. పేలుడు రెండు నెలల తర్వాత జరిగింది.

మీ మాస్టారికి ఇవన్నీ చూపించు. ఆయనతో వాదించడానికి కాదు, రేపు నువ్వు ఒక ప్లాంటులో సంతకం పెట్టే స్థానంలోకి వెళ్తావు కాబట్టి.

ప్రశ్న: నేను ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్‌ని. ప్రమాద రహిత దినాల లెక్క రాసిన బోర్డును పోయినసారిలా ఎగతాళి చేయవద్దు. బీపీ గణాంకాలు కూడా అప్పట్లో బాగానే ఉండేవి కదా?

ఎగతాళి చేయడం లేదండీ. కాలు జారకుండా, వేలు తెగకుండా చూడటం మంచి పనే. కానీ మీ వాక్యంలో రెండో సగమే అసలు సమస్య. బీపీ అంకెలు నిజంగానే బాగుండేవి.

టెక్సస్ సిటీ తర్వాత అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ నాయకత్వంలో ఒక సంఘం బీపీకి చెందిన ఐదు అమెరికన్ రిఫైనరీలను పరిశీలించి 2007 జనవరిలో నివేదిక ఇచ్చింది. వాళ్లు పట్టుకున్న అసలు విషయం ఇది: కార్మికుల ఒంటికి తగిలే దెబ్బల లెక్క తగ్గుతోంది కాబట్టి ప్లాంటు కూడా భద్రంగా ఉందని యాజమాన్యం నమ్మింది. పిల్లల మోకాళ్ల మీద గీతలు లేవని చూసి ఇంటి పునాది గట్టిదని తేల్చినట్టు. దెబ్బల లెక్క వేరు, పైపులో ఒత్తిడి వేరు. రెండోదాన్ని కొలవాలంటే వేరే అంకెలు అడగాలి. గడువు దాటినా తనిఖీ కాని ట్యాంకులు, టవర్లు ఎన్ని? ఆపేసి ఉంచిన అలారాలు ఎన్ని? ఈ నెలలో ఎన్నిసార్లు రిలీఫ్ వాల్వు తెరుచుకుంది? నేను పనిచేసినంత కాలం నెలవారీ సమావేశంలో ఈ మూడూ అడిగేవాణ్ణి. వాటికి జవాబు రాని రోజున బోర్డు మీద ఎంత పెద్ద అంకె ఉన్నా నాకు నిద్ర పట్టేది కాదు.

బేకర్ సంఘం ఇంత విడమరిచి చెప్పాక మూడేళ్లు గడిచాయి. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో బీపీ కోసం చమురు బావి తవ్వుతున్న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మీదికి బీపీ నుంచి, రిగ్గు యజమాని ట్రాన్సోషన్ నుంచి పెద్ద అధికారులు వచ్చారు. ఏడేళ్లుగా పని దినం పోగొట్టిన ప్రమాదం ఒక్కటీ జరగలేదని సిబ్బందిని అభినందించారు. ఆ రాత్రి పదింటికి కాస్త ముందు రిగ్గు పేలింది. 11 మంది చనిపోయారు. ఆ ఏడేళ్ల లెక్కలో అబద్ధం లేదు. బావిలో ఏం జరుగుతోందో ఆ లెక్క చెప్పలేదు, అంతే.

ప్రశ్న: రిగ్గు ట్రాన్సోషన్‌ది. సిమెంటు పని హాలిబర్టన్‌ది. నింద మాత్రం బీపీకి. ఇది న్యాయమేనా?

ఆ ఇద్దరినీ కోర్టు వదలలేదు. న్యూ ఆర్లీన్స్ ఫెడరల్ జడ్జి కార్ల్ బార్బియర్ 2014లో తప్పును పంచారు: బీపీకి 67 శాతం, ట్రాన్సోషన్‌కు 30, హాలిబర్టన్‌కు 3. బీపీది మామూలు అజాగ్రత్త కాదు, ఘోర నిర్లక్ష్యం అన్నారు.

ఎందుకంటే బావి బీపీది, నిర్ణయాలూ బీపీవే. బావి పని అనుకున్న గడువు కంటే నెలకు పైగా ఆలస్యమైంది, రిగ్గుకు, దాని చుట్టూ నడిచే పనులకు కలిపి రోజుకు పది లక్షల డాలర్ల దాకా ఖర్చవుతోంది. పైపు బావి మధ్యలో నిలిచేలా 21 సెంట్రలైజర్లు కావాలని హాలిబర్టన్ లెక్క చెప్తే ఆరింటితో కానిచ్చారు. సిమెంటు పట్టు ఎలా ఉందో పరీక్షించడానికి వచ్చిన బృందాన్ని ఆ రోజు ఉదయమే పరీక్ష చేయించకుండా వెనక్కి పంపేశారు.

సాయంత్రం చేసిన ఒత్తిడి పరీక్షను మాత్రం నేను ఎన్నిసార్లు చదివినా మనసు ఊరుకోదు. బావి గట్టిగా మూసుకుంటే డ్రిల్ పైపులో ఒత్తిడి సున్నాకు దిగి అక్కడే ఉండాలి. అక్కడ 1,400 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) కనిపిస్తోంది. అదే బావిలోకి వెళ్లే పక్క గొట్టం కిల్ లైనులో సున్నా. ఒకే బావికి రెండు జవాబులు వచ్చాయంటే ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో తేలేదాకా పని ఆపాలి. వాళ్లు సున్నాను నమ్మారు. 1,400కు ఏదో వివరణ వెతుక్కున్నారు. తర్వాత బావిలోని 'మడ్' అనే బరువైన బురద ద్రవాన్ని తీసి సముద్రపు నీరు నింపడం మొదలుపెట్టారు. కింద గ్యాసును అణచి ఉంచిన బరువును తమ చేతులతోనే తీసేశారు. ఆఖరి రక్షణగా సముద్రపు అడుగున ఉన్న బ్లోఅవుట్ ప్రివెంటర్ (బావి నోటిని మూసేసే భారీ వాల్వుల వ్యవస్థ) వంగిపోయిన పైపును కోసి మూయలేకపోయింది.

సుమారు 1,500 మీటర్ల లోతులో ఆ బావి 87 రోజులు కక్కింది. ప్రభుత్వ అంచనా 49 లక్షల బారెళ్లు. సముద్రంలో కలిసింది 31.9 లక్షలని కోర్టు లెక్క. దాదాపు 2,100 కిలోమీటర్ల తీరానికి చమురు అంటింది. మొదట్లో రోజుకు 5,000 బారెళ్లే పోతున్నాయన్నారు, నిజానికి దానికి పది రెట్లు పైనే. ప్రవాహం ఎంతన్నది అమెరికా కాంగ్రెస్‌కు దాచినందుకు కూడా బీపీ 2012లో నేరం ఒప్పుకుంది. ప్రాణాలు తీసిన తప్పు ఒకటైతే, తీరంలో రొయ్యలు పట్టుకుని బతికేవాళ్లు ఎంత నష్టానికి సిద్ధపడాలో తెలియకుండా చేసిన తప్పు మరొకటి. రెండోదాన్ని జనం త్వరగా మరచిపోయారు. నేను మరచిపోలేను.

ప్రశ్న: అలాస్కాలో బీపీ చమురు పైపుకు చిన్న చిల్లు పడింది. ప్రపంచంలో ఏ పైపుకు తుప్పు పట్టదు? దానికీ నేరం మోపాలా?

తుప్పు పట్టడం నేరం కాదు. చూడకపోవడం నేరం. పైపు లోపలికి 'పిగ్' అనే యంత్రాన్ని పంపి గోడ మందం కొలుస్తారు. ప్రుధో బేలోని ఆ లైనులోకి 1998 తర్వాత దాన్ని పంపలేదు. 2006 మార్చి 2న అటు వెళ్తున్న ఒక ఉద్యోగికి చమురు వాసన వచ్చింది కాబట్టి బయటపడింది. అప్పటికే మంచు కింద రోజుల తరబడి కారుతోంది. చిల్లు పావు అంగుళం, టండ్రా మీద కలిసిన చమురు రెండు లక్షల గ్యాలన్ల పైచిలుకు. ఆ తర్వాత ప్రభుత్వం పట్టుబట్టి మిగతా లైన్లలోనూ పరీక్ష చేయిస్తే మరిన్ని చోట్ల గోడ పలచబడిందని తేలింది. ఆగస్టులో ఇంకో చోట కారింది. బీపీ 2007లో నేరం ఒప్పుకుని 2 కోట్ల డాలర్లు కట్టింది.

ప్రశ్న: మిగతా చమురు కంపెనీలన్నీ పవిత్రమా? బీపీ మీదే ఇంత కక్ష ఎందుకు?

ఎవరూ పవిత్రులు కారు. 1989లో ఎక్సాన్ వాల్డీజ్ ఓడ అలాస్కా తీరంలో చేసిన విధ్వంసం నాకు బాగా గుర్తుంది. కానీ గల్ఫ్ ఆఫ్ మెక్సికో పేలుడుకు ముందు మూడేళ్లలో అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా తన లెక్కలో అతి దారుణమైన, కావాలని చేసినవిగా రాసుకున్న ఉల్లంఘనలు చూడండి: బీపీకి 760, ఎక్సాన్‌మొబిల్‌కు ఒకటి. ఒకే దేశం, ఒకే చట్టం, ఒకే వ్యాపారం. ఇది కక్షతో వచ్చే తేడా కాదు.

ప్రశ్న: గల్ఫ్ ప్రమాదానికి బీపీకి 6,500 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిందని చదివాను. అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది? – ఒక చార్టర్డ్ అకౌంటెంట్

మీ వృత్తివారికి నేను చెప్పవలసినది కాదు గానీ, ఆ మొత్తాన్ని విడదీసి చూడండి. 2010లోనే బీపీ ఈ ప్రమాదపు ఖర్చు చూపి తన పన్నును సుమారు 1,000 కోట్ల డాలర్లు తగ్గించుకునేలా లెక్క రాసుకుంది. తర్వాత ప్రభుత్వంతో కుదిరిన 2,080 కోట్ల డాలర్ల ఒప్పందంలో పన్ను మినహాయింపుకు వీల్లేని జరిమానా 550 కోట్లు. మిగతాదాంట్లో చాలా భాగాన్ని వ్యాపార ఖర్చుగా చూపుకునే వీలుంది. అంటే ఆ మేరకు భారం పన్ను కట్టే జనం మీద పడింది.

అయినా నా బాధ మొత్తం గురించి కాదు, వరస గురించి. 2005లో ఓషా 2.13 కోట్ల డాలర్ల జరిమానా వేసింది, అప్పటికి అదే రికార్డు. లోపాలు సరిచేస్తామని సంతకం చేశారు. 2009లో అదే ఓషా వచ్చి, చేస్తామన్నవి చేయలేదని 8.74 కోట్ల జరిమానా ప్రతిపాదించింది. టెక్సస్ సిటీ కేసులో నేరం ఒప్పుకుని 5 కోట్లు కట్టడానికి సిద్ధపడ్డారు, ప్రొబేషన్ పడింది, అంటే కొన్నేళ్లు మళ్లీ తప్పు చేయకుండా కోర్టు నిఘాలో ఉండాలి. అలాస్కా కేసులోనూ ప్రొబేషన్ పడింది. గల్ఫ్‌లో రిగ్గు పేలిన రాత్రికి బీపీ అనుబంధ సంస్థలు రెండు ఆ ప్రొబేషన్లలోనే ఉన్నాయి. ఒక మామూలు మనిషి ప్రొబేషన్‌లో ఉండగా మళ్లీ ప్రాణాలు పోయేలా ప్రవర్తిస్తే ఎక్కడుంటాడో మీకు తెలుసు.

11 మంది మరణానికి 11 నరహత్య నేరాలను సంస్థ ఒప్పుకుంది, 400 కోట్ల డాలర్లు కట్టింది. మనుషుల్లో ఒక్కరూ జైలుకు వెళ్లలేదు. రిగ్గు మీదున్న ఇద్దరు బీపీ పర్యవేక్షకుల మీద పెట్టిన నరహత్య కేసులను 2015లో ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. వాళ్లను బలిచేయాలని నేను కోరడం లేదు, వాళ్లకు పైన కూర్చుని గడువులు, ఖర్చులు తేల్చినవాళ్లను ఆ కేసులు తాకనే లేదన్నది నా ఫిర్యాదు. అప్పటి ముఖ్య కార్యనిర్వాహకుడు టోనీ హేవర్డ్ 2007లో పదవి చేపట్టినప్పుడు భద్రతే తన గురి అని చెప్పిన మనిషి. అదే సంస్థలో ఖర్చు తగ్గించినవారికి పేరు వస్తుంది, ఖర్చు పెట్టించిన ఇంజినీరుకు పేరు రాదు. ఈ రెండో పనికి జీతం పెంచే పద్ధతి వచ్చేదాకా జరిమానా అనేది ఆ సంస్థ పద్దుల్లో ఇంకో వరసగానే ఉంటుంది.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా అబ్బాయికి టెక్సస్‌లో ఒక రిఫైనరీలో కాంట్రాక్టు సంస్థ తరఫున ఉద్యోగం వచ్చింది. మీరు పోయినసారి రాసింది చదివాక నాకు ఊపిరాడటం లేదు. వెళ్లవద్దని చెప్పనా? – ఒక తల్లి

వద్దు చెల్లెమ్మా, వెళ్లనివ్వు. టెక్సస్ సిటీ తర్వాత కొన్ని నిజంగానే మారాయి. ట్రెయిలర్లు ప్రమాదకర యూనిట్లకు ఎంత దూరంలో ఉండాలో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 2007లో ప్రమాణం తెచ్చింది. బీపీ ఆ రిఫైనరీని 2013లో మారథాన్ సంస్థకు అమ్మేసింది. మంచిగా నడిచే ప్లాంట్లూ ఉన్నాయి, వాటిని అలా నడిపేవాళ్లలో మీ అబ్బాయి ఒకడు కావచ్చు.

అతనికి మాత్రం కొన్ని మాటలు నా తరఫున చెప్పు. మొదటి రోజునే తను కూర్చునే గది ఎక్కడుందో, దాని చుట్టూ ఏ యూనిట్లున్నాయో ప్లాంటు పటం మీద చూపించమనాలి. పక్క యూనిట్ ఆపినా, మొదలుపెట్టినా తమకు ఎవరు చెప్తారో పేరుతో సహా తెలుసుకోవాలి. ప్రమాదాలు ఎక్కువగా జరిగేవి ఆ రెండు వేళల్లోనే. మొదలుపెట్టే సమయంలో పని లేనివాళ్లు అక్కడ ఉండకూడదు, వెళ్లిపొమ్మనకపోతే తనే అడిగి వెళ్లాలి. ప్లాంటులో ఉన్న ప్రమాదాలను కాంట్రాక్టరుకు చెప్పి తీరాలని అక్కడ 1992 నుంచి నిబంధన ఉంది, కాబట్టి అడగడం అతని హక్కు. రోజూ గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ సంచీ వైపు ఒకసారి చూసుకుని పనిలో దిగాలి. వరసగా రోజుల తరబడి 12 గంటల డ్యూటీ వేస్తే ఆ సంగతి రాతపూర్వకంగా పైవాళ్లకు తెలియజేయాలి.

ఎవరైనా నోరు మూసుకోమంటే ఓషాకు ఫిర్యాదు చేయవచ్చు, పేరు బయటపెట్టవద్దని కోరవచ్చు. ఫిర్యాదు చేశాడని ఉద్యోగం నుంచి తీసేసినా, వేధించినా ఆ సంగతి 30 రోజుల్లోపు మళ్లీ ఓషాకు తెలపాలి. ఆ గడువు మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోమను, చాలామంది దాన్ని దాటించుకునే నష్టపోతారు.